పంక్చర్ వేయించాలా, టైరు మార్చాలా?

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నీ బైకు వెనక టైరులో మేకు దిగిందని, పంక్చర్ వేయించాలో టైరే మార్చాలో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. నువ్వు పంపిన ఫోటో ప్రకారం మేకు దిగింది రోడ్డును తాకే భాగంలో, దాదాపు నడిమధ్యన. అంతవరకు నయమే. అయితే నువ్వు రాయని సంగతి ఒకటుంది: గాలి పోయాక బండిని ఎంత దూరం నడిపావు? నా మటుకు నాకు చిల్లు పరిమాణం కన్నా ఆ దూరమే ముఖ్యం.

బండి బరువును ప్రధానంగా మోసేది టైరు లోపలి గాలి. అది లేనప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి మడత పడుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగినట్టే, ఆ మడతల వేడికి లోపలి దారాల పొరలు బలహీనపడి రబ్బరు నుంచి విడిపోతాయి. ఇదేదీ బయటికి కనిపించదు. కాబట్టి మేకు తీయించి, టైరును రిమ్ము నుంచి విప్పించి, లోపలి వైపు వేలితో చుట్టూ తడిమి చూడు. సైడ్‌వాల్ లోపల వలయంలా నలిగిన గీత కనిపించినా, వేలికి నల్లటి రబ్బరు పొడి అంటినా, చిల్లు సూదిమొనంతే ఉన్నా సరే, ఆ టైరును మార్చవలసిందే. విప్పకుండానే "ఏమీ కాలేదమ్మా" అనే మెకానిక్ మాట నమ్మవద్దు. విప్పడం శ్రమ కనుక చాలామంది అలాగే అంటారు.

లోపల శుభ్రంగా ఉంటేనే చిల్లు సంగతి ఆలోచించాలి. నడిమి భాగంలో దిగిన, 6 మి.మీ. దాటని గుండ్రటి చిల్లును పూడ్చవచ్చు. గాజుపెంకు కోసినట్టు పొడవుగా ఉంటే దారాలు తెగి ఉంటాయి, దాన్ని పూడ్చినా బలం తిరిగి రాదు. సైడ్‌వాల్‌లో పడిన చిల్లుకైతే పంక్చర్ మాటే ఎత్తవద్దు. ఆ భాగం ఎప్పుడూ వంగుతూనే ఉంటుంది కనుక ఏ అతుకూ నిలవదు. మలుపులో బండి వాలినప్పుడు టైరు అంచే బరువు మోస్తుంది కాబట్టి, అంచుకు దగ్గరగా ఉన్న చిల్లునూ నేను అనుమానంగానే చూస్తాను. ముందు టైరు విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటాను, ఎందుకంటే అందులో ఉన్నట్టుండి గాలి పోతే బండిని అదుపు చేయడం మరీ కష్టం.

పూడ్చే పద్ధతిలోనూ తేడా ఉంది. బయటి నుంచి జిగురు స్ట్రిప్‌ను చిల్లులోకి తోసి, మిగిలిన కొసను కోసేయడం నిమిషాల పని. ఆ స్ట్రిప్‌తోనే టైరు అరిగేదాకా తిరిగేవాళ్లు ఉన్నారని నువ్వు అంటావని తెలుసు, నేనూ కాదనను. కానీ దాన్ని ఇల్లు చేరడానికి పనికివచ్చే ఏర్పాటుగానే చూడాలి. లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్లగ్ వేసి, దాని గొడుగు భాగాన్ని టైరుకు అతికిస్తే చిల్లూ నిండుతుంది, లోపలి పొరా మూసుకుంటుంది. ఎలాగూ టైరు విప్పిస్తున్నావు కనుక ఆ పనే చేయించు. ఇదంతా ట్యూబ్‌లెస్ టైరు మాట. ట్యూబు ఉన్న టైరైతే కొత్త ట్యూబు వేయించడమే మేలు.

మరొక్క పని: సైడ్‌వాల్ మీద DOT (డాట్) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడు. 2321 అని ఉంటే ఆ టైరు 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. టైరు పాతబడి రబ్బరు పగుళ్లు వారినా, గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తుల మట్టానికి టైరు అరిగిపోయినా, పంక్చర్‌కు పెట్టే డబ్బు వృథా.

పంక్చర్ వేయించాక అతుకు మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తాయేమో చూడు. మర్నాడు బండి తీయకముందే, టైరు చల్లగా ఉండగా గాలి కొలిపించు. తగ్గిందంటే మళ్లీ అతికించడం వద్దు, టైరు మార్చు. కొత్త టైరే వేయిస్తే దాని మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశకు సరిపోయిందో లేదో బిగించక ముందే చూసుకో. పై పొర కాస్త గరుకుదేరేవరకు కొత్త టైరు జారుతుంది కాబట్టి తొలి 150 కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువగా వాల్చకుండా, గట్టి బ్రేకులు వేయకుండా నడుపు.

ఇట్లు,
నాన్న