ఆ సైజులో 9,900 ఎంఏహెచ్ ఎక్కడిది?

సంపాదకుల వారికి నమస్కారం.

బెంగళూరు ఎస్‌.పి. రోడ్డుకు టార్చిలైటుకో, పవర్ బ్యాంకుకో విడి సెల్ కొనడానికి వచ్చేవాళ్లు ముందుగా చూసేది ర్యాపర్ మీది ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే) అంకె. 9,900 అని రాసినది ఒక్కోసారి 2,600 అని రాసినదానికంటే చవగ్గా దొరుకుతుంది. అనుమానం అక్కడే రావాలి.

ఈ సెల్‌ను 18650 అంటారు. 18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవు, చివరి సున్నా గొట్టం ఆకారానికి గుర్తు. పేరున్న కంపెనీల సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, 3,500 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఆగుతుంది. దాన్ని 3.6 వోల్టులతో గుణిస్తే 12.6 వాట్ అవర్లు (సెల్‌లో పట్టే మొత్తం శక్తి), అంటే కిలోకు 260 చిల్లర. 9,900 నిజమే అనుకుంటే కిలోకు 740 దాకా రావాలి. అంత పట్టే లిథియం అయాన్ సెల్ బజారులో లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. విప్పి చూస్తే పాత ల్యాప్‌టాప్ ప్యాకు నుంచి తీసి కొత్త ర్యాపర్ తొడిగిన సెల్ ఉంటుంది, లేదా డబ్బాలో చిన్న సెల్ పెట్టి మిగతా చోటు పొడితో నింపి ఉంటుంది. రెండోరకాన్ని వంటింటి డిజిటల్ తూకమే పట్టిస్తుంది: 30, 35 గ్రాములే చూపిస్తుంది.

ఈ-సిగరెట్ల విషయంలో ఈ అంకె ఇంకా ప్రమాదం. 2019 చట్టం వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నిటినీ నిషేధించింది, అది సరే. లోపలి సెల్ సంగతి మాత్రం తెలియాలి, ఎందుకంటే పారేసినవాటి నుంచి సెల్ తీసి ప్రాజెక్టులకు వాడే కాలేజీ పిల్లలు ఉన్నారు. వేడిచేసే కాయిల్ 0.5 ఓం అయితే నిండు సెల్ 4.2 వోల్టుల దగ్గర 8.4 ఆంపియర్లు లాగుతుంది, 0.2 ఓం అయితే 21. సెల్ ఎన్ని ఆంపియర్లు ఆగకుండా ఇవ్వగలదన్నది ఎంఏహెచ్ చెప్పదు. పైగా రెండూ ఎదురెదురు: ఎలక్ట్రోడ్ పూత మందంగా వేస్తే కెపాసిటీ పెరుగుతుంది, కరెంటు ఇచ్చే సత్తా తగ్గుతుంది. అందుకే 20 ఆంపియర్ల సెల్ 2,500 దగ్గర ఉంటుంది, 3,500 సెల్ సాధారణంగా 8, 10 ఆంపియర్లకే పరిమితం. పెద్ద అంకె చూసి ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి కుంగుతుంది, సెల్ కాలుతుంది.

వాడి పారేసే ఈ-సిగరెట్లలో ఉండేది తరచు 500 ఎంఏహెచ్ చుట్టుపక్కల సెల్. దానికి అందరూ పెట్టే టీపీ4056 ఛార్జింగ్ బోర్డు ఛార్జింగు కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓం రెసిస్టరుతో వస్తుంది, 1 ఆంపియర్ తోస్తుంది. ఆ సెల్‌కు అది రెట్టింపు వేగం. రెసిస్టరు తీసి 5 కిలో ఓం వేస్తే 250 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. ఈ ఒక్క మార్పు చేయకుండా రాత్రంతా ఛార్జింగులో వదలడం తప్పు. ఉబ్బినది, ర్యాపర్ చిరిగినది అసలు ముట్టొద్దు: సెల్ లోహపు డబ్బా మొత్తం నెగటివ్, పాజిటివ్ టోపీ అంచు దగ్గర ర్యాపర్ చిరిగితే చిన్న రేకు తగిలినా షార్టే.

ఇంకో మాయ జోడీ సెల్స్‌ది. రెండు 3,000 సెల్స్ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) ఉంటే 7.2 వోల్టులు, 3,000. పారలల్‌లో (పక్కపక్కన) ఉంటే 3.6 వోల్టులు, 6,000. ఎలా చూసినా 21.6 వాట్ అవర్లే. ప్యాకు మీద మాత్రం రెండింటికీ 6,000 అనే వేస్తారు. పవర్ బ్యాంకుదీ ఇదే లెక్క: 10,000 అంటే 3.7 వోల్టుల దగ్గర 37 వాట్ అవర్లు, 5 వోల్టులకు మార్చేసరికి 7,400, నష్టాలు పోగా ఫోనుకు చేరేది 6,000 పైచిలుకు. పవర్ బ్యాంకు విషయంలో ఇది మోసం కాదు, ఈ వివరం వేసే అక్షరాలు చిన్నవి, అంతే.

నిజం తేల్చాలంటే టెస్టర్ ఉన్న ఛార్జరులో 4.2 వోల్టుల దాకా నింపి, గంట ఆగి, 500 మిల్లీ ఆంపియర్ల చొప్పున 2.75 వోల్టుల దాకా ఖాళీ చేయాలి. 2,500 సెల్‌కు ఐదు గంటలు పడుతుంది. 9,900 అన్నదానికి దాదాపు ఇరవై గంటలు పట్టాలి. రెండు మూడు గంటల్లో ముగిస్తే అసలు అంకె 1,000, 1,500 మధ్యే. కొనేముందు ర్యాపర్ మీది ఆర్ నంబరును (బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన కంపెనీ పేరూ ర్యాపర్ మీది పేరూ ఒకటేనా అని చూసుకోవచ్చు.

అమ్మేవాళ్లు ఎంఏహెచ్ పక్కనే వోల్టేజి, వాట్ అవర్లు, ఆగకుండా ఇవ్వగల ఆంపియర్లు కూడా అదే సైజు అక్షరాల్లో ముద్రించాలి. మీ పత్రికలో గాడ్జెట్ల పేజీకి బ్యాటరీ వివరాలు ఇచ్చేటప్పుడు కూడా వాట్ అవర్లు వేయమని మనవి.

— బ్యాటరీ ప్యాకులు కట్టే కొందరు మెకానిక్‌లు, బెంగళూరు