ఊరూ పేరూ లేని జట్టు: బేస్‌బాల్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ గారికి,

నమస్కారం. నేను శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో ఉంటాను. మా చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. పిల్లలు క్రికెట్ బ్యాటూ, బేస్‌బాల్ గ్లవ్వూ ఒకే సంచిలో కుక్కుకుని తిరుగుతుంటారు. ఆ పిల్లల్లో ఒకడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందేమోనని రాస్తున్నాను: "మన ఊళ్లో ఆడే జట్టుకి మన ఊరి పేరు ఎందుకు లేదు?"

మీ 30 జట్లలో 29టికి ముందు ఊరో, రాష్ట్రమో, ప్రాంతమో ఉంది. ఒక్కదానికే లేదు. అథ్లెటిక్స్, అంతే. ఓక్లాండ్ వదిలేసి, లాస్ వేగస్‌లో కొత్త స్టేడియం తయారయ్యేదాకా మా దగ్గర మకాం వేసిన జట్టు. 2025లో ఆ జట్టు సొంత మైదానమంటూ ఆడిన 81 ఆటలూ వెస్ట్ శాక్రమెంటోలోని సటర్ హెల్త్ పార్క్‌లోనే ఆడింది. జెర్సీ ఒక చేతి మీద శాక్రమెంటో గుర్తు కుట్టారు, రెండో చేతి మీద లాస్ వేగస్ గుర్తు. ఉన్న ఊరు ఒక భుజానికి, పోబోయే ఊరు ఇంకో భుజానికి. గుండె మీద మాత్రం ఏ ఊరూ లేదు.

ఈ జట్టుకు వలస కొత్త కాదు. ఫిలడెల్ఫియాలో పుట్టి, 1955లో కాన్సస్ సిటీకి పోయి, 1968లో ఓక్లాండ్ చేరింది. ఓక్లాండ్‌లో నాలుగు వరల్డ్ సిరీస్‌లు, అంటే మీ లీగ్ టైటిళ్లు, గెలిచింది. జట్టు అక్కడున్నప్పుడు నేను దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో ఉండేవాణ్ణి. బార్ట్ రైలు దిగి, వంతెన మీద టోపీలు, నీళ్ల సీసాలు అమ్మేవాళ్ల మధ్యనుంచి నడిస్తే జట్టు స్టేడియం, కొలీజియం. లోపలికి అడుగు పెట్టకముందే రైట్ ఫీల్డ్ నుంచి డప్పులు వినిపించేవి. పాత స్టేడియమే, ఒప్పుకుంటాను. మురుగు పొంగిన రోజులూ ఉన్నాయి. కానీ జనం రావడం లేదన్న మాట ఒక్కటే పట్టుకుని వేలాడితే ఎలాగండీ? 2019లో వైల్డ్ కార్డ్ ఆటకు (ఓడితే ఇంటికే అనే నాకౌట్ మ్యాచ్) 54,005 మంది వచ్చారు. 2023 జూన్ 13న అభిమానులే పిలుపునిచ్చి 27,759 మందిని కూడగట్టి, "జట్టును అమ్మెయ్" అని ఓనర్ జాన్ ఫిషర్‌కు వినిపించేలా అరిచారు. దానికి మీరేమన్నారు? దాదాపు ఒక సగటు మేజర్ లీగ్ జనం వచ్చారని. ఆ ఆట జరిగిన రెండు రోజులకే, లాస్ వేగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనమిచ్చే బిల్లు మీద ఆ ఊరున్న నెవాడా రాష్ట్ర గవర్నర్ సంతకం పెట్టారు. నవంబర్‌లో జట్ల ఓనర్లు 30-0తో తరలింపుకు ఓటేశారు. తరలింపు రుసుము కూడా మాఫీ. చివరి రోజు, 2024 సెప్టెంబర్ 26న, కొలీజియంలో 46,889 మంది.

ఇక మా ఊరి సంగతి. ఈ సటర్ హెల్త్ పార్క్ 2000లో మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది స్థాయి) జట్టు రివర్ క్యాట్స్ కోసం కట్టినది. పట్టేది పద్నాలుగు వేల మంది, అదీ అవుట్‌ఫీల్డ్ గడ్డి గట్టు మీద కూర్చునేవాళ్లతో కలిపి. డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) నుంచి క్లబ్‌హౌస్‌కు (వాళ్ల డ్రెస్సింగ్ రూమ్‌కు) లోపలి దారి లేదు. క్లబ్‌హౌస్ అవుట్‌ఫీల్డ్ గోడ అవతల ఉంది. చితక్కొట్టించుకున్న పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఆట మధ్యలో అక్కడికి పోవాలంటే అందరూ చూస్తుండగా మైదానం దాటాల్సిందే. రెండు జట్లూ ఒకే గడ్డి మీద ఏడాదికి నూట యాభైకి పైగా ఆటలు ఆడితే ఆ గడ్డి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జూలై మధ్యాహ్నం అల్యూమినియం రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, విజయవాడ గుర్తొస్తుంది. మొదటి హోమ్ గేమ్‌లోనే షికాగో కబ్స్ చేతిలో 18-3తో ఓటమి. పిచ్చర్ లూయిస్ సెవెరినో ఇక్కడ ఆడటం నచ్చడం లేదని బాహాటంగానే చెప్పాడు. జట్టు ఇంటి కంటే బయటే ఎక్కువ ఆటలు గెలిచింది. అయినా నిక్ కర్ట్జ్ లాంటి కుర్రాడు రూకీ ఆఫ్ ది ఇయర్ (ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. జట్టులో సరుకు లేదని ఎవరూ అనలేరు.

అదే ఏడాది టాంపా బే రేస్ కూడా చిన్న మైదానంలోనే తలదాచుకుంది. అక్కడ పైకప్పు తుపాను గాలికి పోయింది. ఇక్కడ మాత్రం గాలీ వానా లేవు, మీ ఓటు ఒక్కటే.

సగటున పదివేల లోపే జనం వచ్చారని రేపు మా ఊరి మీద ముద్ర వేస్తారనేదే నా అసలు భయం. 2029 జనవరిలో మీరు దిగిపోయేలోపు రెండు కొత్త జట్లకు ఊళ్లు ఖరారు చేయాలంటున్నారు. శాక్రమెంటోకూ ఆ ఆశ ఉంది. రివర్ క్యాట్స్ 2015 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు అనుబంధ జట్టు, కాబట్టి ఇక్కడివాళ్లు ఏళ్లుగా జెయింట్స్ టోపీలు పెట్టుకుని తిరుగుతున్నారు. 2025 జూలై 4న జెయింట్స్ వచ్చినప్పుడు స్టాండ్స్ ఎవరివో మీరే చూసుంటారు. తలుపు మీద పేరు కూడా రాసుకోని అద్దెదారును, అదీ అద్దె కట్టని అద్దెదారును, ఇరుగుపొరుగు చుట్టంలా చూడలేదని నిష్ఠూరమాడితే ఏం న్యాయం?

మా దేశంలో 2018లో కావేరీ గొడవల వల్ల చెన్నై సూపర్ కింగ్స్ ఐపీఎల్ ఆటలు పుణేకు మారాయి. చెన్నై పేరు తీసేయలేదు. అభిమానుల కోసం ప్రత్యేక రైలు వేశారు. అంతదాకా ఎందుకు, 2003, 2004లలో మీ లీగ్‌లోనే మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టు ఏటా 22 ఆటలు ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో ఆడింది. అప్పుడూ మీ పట్టికలో మాంట్రియల్ అనే ఉంది.

అందుకని అడుగుతున్నాను. 2026, 2027 సీజన్లకూ ఆ జట్టు మకాం ఇక్కడే. 2026 జూన్‌లో ఆరు ఆటలు లాస్ వేగస్‌లోని మరో చిన్న పార్కులో పెట్టారు, పెట్టుకోండి. ఇక్కడ ఆడే మిగతా ఆటలన్నిటికీ ఆ జట్టును శాక్రమెంటో అథ్లెటిక్స్ అని పిలవమని ఓనర్‌కు చెప్పండి. స్కోర్‌బోర్డు మీద, పట్టికలో, టీవీలో. అది కుదరదంటే, కొత్త జట్ల కోసం ఊళ్లను తూచేటప్పుడు ఈ మూడేళ్ల హాజరు లెక్కలు పక్కన పెడతామని రాతపూర్వకంగా ఇవ్వండి. మా మేయర్‌కు, ఓక్లాండ్ మేయర్‌కు చెరొక కాపీ పంపండి.

ఇట్లు,
టికెట్ కొనుక్కుని గడ్డి గట్టు మీద కూర్చునే ఒక ప్రేక్షకుడు,
ఫోల్సమ్, కాలిఫోర్నియా