వరద ముంచిన పూజగది

సంపాదకులకు నమస్కారాలు.

పూజ, జపం, ధ్యానం మనశ్శాంతి కోసమేననీ, ఇల్లు సద్దుమణిగితే తప్ప సాధన సాగదనీ మీ పత్రిక ఆధ్యాత్మిక పుటలో తరచూ చదువుతున్నాను. ముప్ఫై ఏళ్లు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసిన నేనూ అలాగే నమ్మాను. 2021 నవంబరులో వచ్చిన పెన్న వరద ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టింది.

ఆ నెల 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ ఏరు కలిసేది పెన్నలోనే కాబట్టి దెబ్బ మా కోవూరు వైపూ తగిలింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోతకు గురైంది, జాతీయ రహదారి తెగింది. మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చి, పూజగదిలో పటాలతో సహా అన్నింటినీ బురదలో కలిపేశాయి.

ఆ గది గురించి ఒక మాట చెప్పాలి. నేను జపంలో ఉండగా వంటింట్లో గిన్నె చప్పుడైనా సహించేవాణ్ణి కాదు, మనవడు తలుపు తోస్తే కసురుకునేవాణ్ణి. అదంతా నిష్ఠ అనుకున్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఒక కల్యాణ మండపంలో, వందమందికి పైగా జనం మధ్య, పసిపిల్లల ఏడుపులు, ముసలివాళ్ల దగ్గులు వింటూ నేల మీద పడుకోవలసి వచ్చింది. మొదటి రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం భోజనం పొట్లాల కోసం వరసలో నిలబడితే, మా వీధి కాలువలు తీసే ఆవిడ నా వయసు చూసి, "అయ్యా, మీరు ముందు రండి" అని పక్కకు జరిగింది. అన్నేళ్లలో నేను ఆమె పేరైనా అడిగి ఎరుగను.

ఆ రాత్రి నిద్ర పట్టక విరాటపర్వం తలచుకున్నాను. తిక్కన సోమయాజి మన నెల్లూరి వాడు, భారతాంధ్రీకరణను ఆ పర్వంతోనే మొదలుపెట్టాడు. రాజసూయం చేసిన చక్రవర్తి కంకుభట్టుగా మరొకరి కొలువులో చేరతాడు, భీముడు వంటశాలలో గరిటె పడతాడు. విరటుడు కోపం పట్టలేక పాచికలతో ముఖాన కొడితే ధర్మరాజు ఓర్చుకుంటాడు, కారిన నెత్తురు నేల రాలకుండా ద్రౌపది పడుతుంది. ఈ ఘట్టాన్ని ఎన్నో తరగతులకు చెప్పాను, ప్రతిపదార్థాలు రాయించాను. కిరీటమూ పేరూ తీసేసిన తర్వాత ఆ మనిషిలో ఇంకా ఏం మిగిలిందన్నదే అజ్ఞాతవాసం పెట్టిన పరీక్ష అని మాత్రం ఆ మండపం నేల మీద పడుకున్నప్పుడే నాకు అర్థమైంది. నా నుంచి ఒక గదిని తీసేస్తే మిగిలింది అలక ఒక్కటే.

అక్కడే అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు యువకులు ఉన్నారు. చన్నీటి స్నానం, కటిక నేల, ఒంటిపూట భోజనం వాళ్లకు దీక్షతోనే అలవాటైపోయాయి. మేము సౌకర్యాలు లేవని వాపోతుంటే వాళ్లు నడవలేని వృద్ధులను ఎత్తుకుని మరుగుదొడ్ల దాకా తీసుకుపోయేవారు. మండల దీక్షకు 41 రోజుల నియమం పెట్టిన పెద్దలు ఎందుకు పెట్టారో వాళ్లను చూసి గ్రహించాను. ఇప్పుడు దీక్షలో కూడా సుఖాలు వెతుక్కునే ధోరణి పెరుగుతున్నందుకు బాధగా ఉంది.

అయితే కష్టం దానంతట అదే ఎవరినీ ఉన్నతులను చేయదు. అదే మండపంలో మనసు విరిగి, తోటివారితో తగవులు పడ్డవారినీ చూశాను. గొడ్డూ గోదా పోగొట్టుకున్న కూలీకి ముందుగా అందవలసింది పరిహారం, బియ్యం, తలపై కప్పు. అతనికి వేదాంతం చెప్పే అర్హత నాకు లేదు, మరెవరికీ లేదు. ఆపదలు మళ్లీ మళ్లీ రావాలని కుంతి శ్రీకృష్ణుణ్ణి వేడుకున్నదని భాగవతం చెబుతుంది గాని, ఆమె ఆ కోరిక కోరింది తన కోసం, తనవారి కోసం.

అందువల్ల మీకు నా మనవి ఒకటే. ఆధ్యాత్మిక పుటలో ప్రశాంతతకు మార్గాలతో పాటు, ఇల్లు మారినవారు, ఊరు వదిలినవారు, అయినవాళ్లను కోల్పోయినవారు తమలో వచ్చిన మార్పును తమ మాటల్లో రాసుకునే చోటు వారానికొకసారైనా ఇవ్వండి. మా ఇల్లు బాగుచేయించినప్పుడు పూజగది మళ్లీ కట్టించలేదు. దేవుడి పటాలు నడవలో గూట్లో పెట్టాం. నేను జపం చేసుకుంటుంటే మనవడు పక్కనే ఎక్కాలు వల్లెవేస్తాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా.