నడక ఒక్కటే చాలదండీ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్యం పేజీ వదలకుండా చదివే మనిషిని కాబట్టి కాస్త చనువుగానే రాస్తున్నాను. ఆ పేజీలో ఏ వారం చూసినా రెండే విషయాలు, పరగడుపున ఏం తాగాలి, పొద్దున్నే ఎంతసేపు నడవాలి. మొదటిదాని గురించి నేనేం మాట్లాడను, మాట్లాడితే మా ఇంట్లోనే గొడవ, మెంతులు నానబెట్టిన గిన్నె మా ఫ్రిజ్‌లో పర్మనెంటుగా ఉంటుంది. నడక మంచిదే, ఎవరూ కాదనరు. కానీ అది సగం మాటేనండీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంగా ఒళ్లు కదిలించాలని ఉంది, ఇది ఊరందరికీ తెలుసు. దాని పక్కనే వారంలో కనీసం 2 రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని, 65 దాటినవాళ్లు 3 రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకునే కసరత్తులు చేయాలని కూడా ఉంది. ఈ రెండో మాట, మూడో మాట మన పేపర్లలో ఎందుకు రావో నాకు అర్థం కాదు. మన హైదరాబాద్‌లో ఇందిరా పార్కులో, కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే వందల మంది నడుస్తుంటారు కదా, వాళ్లలో కండబలం కోసం ఏమన్నా చేసేవాళ్లు ఎందరుంటారు? చాలా పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాలున్నాయి, వాటి మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్లే ఎక్కువ.

నాకు ఈ పట్టింపు రావడానికి కారణం మా అత్తయ్యగారు. 72 ఏళ్లు, షుగర్ లేదు, రోజూ గుడికి నడిచి వెళ్లి ప్రదక్షిణలు చేసి వచ్చే మనిషి. బాత్‌రూమ్‌లో జారి పడ్డారు, అదృష్టం బాగుండి మణికట్టుతో పోయింది. కట్టు కట్టాక ఫిజియోథెరపీ అబ్బాయి ఇంటికొచ్చాడు. చెయ్యి చూస్తాడనుకుంటే ముందు డైనింగ్ కుర్చీ ఒకటి తెచ్చి గోడకు ఆనించి వేశాడు. "అమ్మమ్మా, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేవండి" అన్నాడు. "రోజూ గుడి చుట్టూ తిరుగుతాను నాయనా, నా కాళ్లకేమైంది?" అంటూ ఆవిడ లేవబోయారు. ముందుకు వంగారు, సగం లేచారు, మళ్లీ కూలబడ్డారు. రెండోసారి ఆవిడకు తెలియకుండానే బాగున్న చెయ్యి కుర్చీ అంచు మీదకు పోయింది. అప్పుడు అందరం ఆవిడ ముఖమే చూస్తున్నాం, ఆవిడేమో కుర్చీ వంక చూస్తున్నారు. "నడవడానికి ఈ మాత్రం బలం చాలు అమ్మమ్మా, పడబోతే ఆపుకోవడానికి చాలదు" అన్నాడా అబ్బాయి.

ఆలోచిస్తే వింతేమీ లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి ఇల్లు చూసినా సోఫా, డైనింగ్ టేబుల్, వెస్టర్న్ కమోడ్, నడుమెత్తు గట్టు మీద స్టవ్. ఒకప్పుడు కూరగాయలు తరగడానికి కత్తిపీట ముందు కూర్చునేవాళ్లు, భోజనానికి పీట మీద కూర్చునేవాళ్లు, బట్టలుతకడానికి గొంతుకూర్చునేవాళ్లు, పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు కింద కూర్చుని లేచేవాళ్లో లెక్కే ఉండేది కాదు. మళ్లీ కత్తిపీట దగ్గరకు పొమ్మని నేననడం లేదు, మోకాళ్లు అరిగినవాళ్లకు అది కుదరదు కూడా. ఇంట్లో పని తగ్గింది సరే, ఆ పని తొడలకు చేసిన మేలు ఇంకో దారిలో పెట్టుకోవాలి కదా అంటున్నాను.

కండ 30ల నుంచే మెల్లగా కరగడం మొదలవుతుంది, 60 దాటాక జోరందుకుంటుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక ఎముక కూడా త్వరత్వరగా పలచబడుతుంది. ఇంకో సంగతి, తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చినప్పుడు అందులో ఎక్కువ భాగాన్ని లాక్కునేది కండరాలే. కండ తగ్గితే ఆ చక్కెర రక్తంలో ఎక్కువగా మిగిలిపోతుంది. ఇంటింటికీ ఒక షుగర్ పేషెంటు ఉన్న ఊళ్లో ఈ ముక్క పెద్ద అక్షరాలతో వేయాల్సింది.

జిమ్ అనగానే కుర్రాళ్ల వ్యవహారం అనుకుంటారు. అక్కర్లేదండీ. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకూ వెనక్కూ ఒరగడం, గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, నీళ్ల సీసాలు రెండు పట్టుకుని చేతులెత్తడం. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు అయిపోతాయి. తేలికైపోయాక బరువు పెంచాలి, లేకపోతే కండకు పనుండదు. గుండెజబ్బు, కీళ్ల ఆపరేషన్ లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు, వయసు మళ్లినవాళ్లు పడిపోయే ప్రమాదం కనుక్కోవడానికి వాడే పరీక్ష ఒకటుంది, చేతులు కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడమే. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 సార్లకన్నా తక్కువ, ఆడవాళ్లు 11 కన్నా తక్కువ చేస్తే కాస్త జాగ్రత్త పడాలని అర్థం. పక్కన ఎవరినైనా నిలబెట్టుకుని ఈ ఆదివారం మీ పాఠకులు చేసి చూసుకోవచ్చు. ఐటీలో పనిచేసే మా అబ్బాయి కూడా చేశాడు, బాగానే చేశాడు, తర్వాత రెండు రోజులు మెట్లు దిగుతుంటే మూలిగాడు.

ఇక తిండి. కసరత్తు చేసినా కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, మన కంచంలోనేమో అన్నం కొండంత, పప్పు నీళ్లంత. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, దేశం మొత్తానికి ఏం తినాలో చెప్పేది మన ఊళ్లోంచే, మనకే అది పట్టదు. వాళ్ల లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరేడు, గుప్పెడు కందిపప్పులో కూడా దాదాపు అంతే. లెక్కేసుకోండి మీరే. ప్రతి పూటా పప్పో, సెనగలో, పెరుగో, గుడ్డో, చేపో ఏదో ఒకటి గట్టిగా పడితే తప్ప కుదరదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టర్ చెప్పినంతే తినాలి. ఉప్పు గురించి ఎంత చెప్పినా ఆవకాయ జాడీ ముందు ఎవరూ వినరు కాబట్టి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు, అన్న మాట రాసి వదిలేస్తాను.

పిల్లల విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. ఎముక గట్టిపడేదంతా 30 ఏళ్లలోపే, ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవడమే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలి. ఇక్కడేమో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్, ఆటల పీరియడ్‌లో లెక్కల సారు వస్తాడు, ఇంటికొస్తే సెల్లార్‌లో కార్ల మధ్య క్రికెట్, బంతి ఎవరి కారుకో తగిలితే ఆరోజుకు అదీ బంద్. ఆ పిల్లలకు 20 ఏళ్ల తర్వాత జిమ్ మెంబర్‌షిప్ అమ్ముతాం. చిన్నప్పుడు పరిగెత్తనివ్వని మనం పెద్దయ్యాక "బద్ధకం" అని తిట్టడం ఏం న్యాయం?

ఇందాక ఉప్పన్నాను కదా, బీపీ మాటకొస్తే, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, తలనొప్పి వస్తేనే బీపీ అనుకుంటారు. బస్తీ దవాఖానాలో ఉచితంగా చూస్తారు, 30 దాటిన ఎవరైనా ఏడాదికోసారి వెళ్లి చూపించుకోవడంలో నామోషీ ఏం లేదు. ఎక్కువొస్తే కంగారు పడక్కర్లేదు, ఇంకో రోజు మళ్లీ చూపించుకోండి.

పాలకులకూ ఒక మాట. మా నల్లకుంటలో ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి, ఆ పక్కన బైకులు. 70 ఏళ్ల మనిషి రోడ్డు మీదకు దిగకుండా వంద అడుగులు వేయలేరు. నడవండి అని హోర్డింగులు పెట్టే ఖర్చులో కొంత ఆ ఫుట్‌పాత్‌లు సరిచేయడానికి పెడితే పెద్దవాళ్ల నడుములు విరగకుండా ఉంటాయి.

సంపాదకులుగారూ, నేనడిగేది చిన్నదే. రోజూ రాశిఫలాలు వేస్తారు కదా, వారానికి ఒక్కరోజు దాని పక్కన అంత జాగానే ఇవ్వండి. ఒక కసరత్తు, ఒక బొమ్మ, ఎవరు చేయకూడదో ఒక లైను. ఫిజియోథెరపీ నేర్పే కాలేజీలు మన ఊళ్లో ఉన్నాయి, అడిగితే సంతోషంగా రాసిస్తారు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వేయండి, మా అత్తయ్యగారు కళ్లజోడు లేకుండా చదువుతానని పంతం పడతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు
నల్లకుంట, హైదరాబాద్