తెలిసిన వెబ్‌సైటే కదా అనుకుంటే

సంపాదకుడు గారికి,

నరసన్నపేటలో పన్నెండేళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఆన్‌లైన్ మోసాల మీద పత్రికల్లో తరచూ రాస్తున్నారు, మంచిదే. కానీ చివరికి చెప్పేది ఎప్పుడూ ఒకటే: తెలియని లింకులు నొక్కొద్దు. తెలిసిన సైటులోకే దొంగలు దూరి దాన్ని పాడుచేస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

మొన్నీమధ్య ఒక డిగ్రీ కుర్రాడు ఫీజు కట్టడానికి వచ్చాడు. వాళ్ల కాలేజీ సైటే, అడ్రసు నేనే టైప్ చేశాను. 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ బాక్సు వచ్చింది. అలాంటివి రోజూ చూసేవే. టిక్ పెట్టాక, విండోస్ బటన్‌తో ఆర్ నొక్కు, తర్వాత కంట్రోల్ వి, ఆపైన ఎంటర్ అంది. నేను జిరాక్స్ మిషన్ దగ్గర ఉన్నాను. ఇటు తిరిగేసరికి కుర్రాడు ఎంటర్ కొట్టేశాడు.

ఇందులో కిటుకు ఏమిటంటే, టిక్ పెట్టినప్పుడే ఒక కమాండ్, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశం, చడీచప్పుడూ లేకుండా కాపీ అయిపోతుంది. విండోస్, ఆర్ నొక్కితే తెరుచుకునే బాక్సులో దాన్ని అతికించి, ఎంటర్ కొట్టి మన చేత్తో మనమే నడిపిస్తాం. అందుకే యాంటీవైరస్ కూడా చాలాసార్లు పట్టుకోలేదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు అట్నుంచి అటే పోతాయి. నెట్ వైరు పీకేసి, సిస్టం ఫార్మాట్ కొట్టించాను. అయితే వెల్డింగ్ పనికి గల్ఫ్ వెళ్లే కుర్రాళ్ల పాస్‌పోర్టు కాపీలు అందులోనే ఉన్నాయి. అవి పోయాయో లేదో తెలీదు. ఆ టెన్షన్ ఇంకా తీరలేదు.

కాలేజీకి ఫోన్ చేస్తే 'మా సైటు బాగానే ఉంది, వైరస్ మీ సిస్టంలోనే ఉంది' అన్నారు. వాళ్లు చూసింది సెల్‌ఫోన్‌లో! ఇలాంటి దొంగ కోడ్ చాలాసార్లు విండోస్ కంప్యూటర్లకే, అదీ ఒక్కొక్కరికి ఒక్కసారే కనిపించేలా పెడతారు. పది రోజుల తర్వాత కూడా అదే బాక్సు వచ్చిందని మరో విద్యార్థి చెప్పాడు.

నా తప్పూ ఉంది. నా దగ్గర ఒక సిస్టం ఇప్పటికీ విండోస్ 7 మీదే నడుస్తోంది. దానికి 2020 జనవరితోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. అలాంటి పాత సిస్టంలో ఒక్కోసారి ఏదీ నొక్కక్కర్లేదు, పాడైన పేజీ తెరిస్తే చాలు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ మన జిల్లా పోలీసుల కంప్యూటర్లనూ తాకింది. అది వెబ్‌సైట్ల ద్వారా వచ్చింది కాదు గానీ, దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే విడుదలైంది.

సైటు నడిపేవాళ్ల సంగతి వేరు. ఎప్పుడో ఎవరికో కాంట్రాక్టు ఇచ్చి చేయించి, మళ్లీ అటు చూడరు. వెబ్‌సైట్‌లో దొంగ కోడ్ దూరితే ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని సంస్థలకు, ప్రభుత్వ కార్యాలయాలకు 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలు వచ్చాయి. మరి ఆ పేజీ తెరిచిన మాకు ఎవరు చెబుతారు? సైటు బాగయ్యాక ఫలానా తేదీల్లో ఇలా జరిగిందని అందులోనే రెండు లైన్లు పెట్టాలి. కాలేజీ నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించినా, ఆ రోజుల్లో ఫీజు కట్టిన పిల్లలు పాస్‌వర్డులు మార్చుకునేవారు.

– నెట్ సెంటర్ నిర్వాహకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా