నవమి పందిట్లో వీణ కచేరికి మిగిలింది 40 నిమిషాలేనా?

సంపాదకుడు గారికి నమస్కారమండి,

గోదావరి పక్కన ఒక చిన్న టౌన్ నుంచి రాస్తున్నా. మొన్న శ్రీరామనవమి ఉత్సవాల్లో మా ఊరి పందిట్లో వీణ కచేరి పెట్టారు, చెన్నై నుంచి ఒక విద్వాంసురాలు వచ్చారు. ఆవిడ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఆవిడ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, ఈ బాధ నాది.

పాంప్లెట్‌లో సాయంత్రం ఆరున్నర అని వేశారు. మా అమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుని పెళ్ళయ్యాక మానేసింది, మధ్యాహ్నం నుంచే తయారై కూర్చుంది పాపం, ఆరింటికల్లా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాం. అప్పటికే ఆవిడా మృదంగం ఆయనా స్టేజి మీద శృతి చేసుకుని రెడీగా ఉన్నారు. ముఖ్య అతిథి రాలేదని ఆపేశారు. ఏడుంపావుకి ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కర్నీ పేరుపేరునా స్టేజి మీదకి పిలవడం, దాతలందరికీ శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు, మళ్ళీ అందరి స్పీచ్‌లూ. కుర్చీలకి చోటు చాలట్లేదని వీణని ఓ మూలకి జరపమన్నారండి, ఆ మూలే హాలోజన్ లైట్ ఉంది.

వీణ సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. దానికి తీగల కింద 24 మెట్లుంటాయి, అవి మేకులు కొట్టి బిగించినవి కాదు, మైనంలో మసి కలిపిన ముద్దలో కూర్చోబెట్టినవి. వేడి తగిలితే ఆ మైనం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది. అసలే చైత్రమాసం ఎండలు, పైన ఆ లైటు. ఆవిడ కొంగు తీసి మెట్ల మీద కప్పి, రెండు చేతులతో పట్టుకుని, ఆ స్పీచ్‌లు అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. చంటిబిడ్డకి ఎండ తగలకుండా కప్పుకున్నట్టు ఉంది, మా అమ్మ అది చూసి కళ్ళు తుడుచుకుంది.

ఎనిమిదింపావుకి మైక్ ఆవిడకి ఇచ్చారు. తొమ్మిదిన్నరకి ట్రైన్, స్టేషన్ మా ఊరికి అరగంట దూరం. మళ్ళీ శృతి సరిచూసుకోవడానికి కొంత టైం పోయింది, ఒక వర్ణం, రెండు కీర్తనలు, కొంచెం తానం, అంతే, మంగళం పాడేసి లేచారు. మృదంగం ఆయనకి తని ఆవర్తనమే, అంటే ఆయన ఒక్కరే వాయించే భాగమే, లేదు, అంత దూరం నుంచి ఆయన ఎందుకొచ్చినట్టండి? 40 నిమిషాల కచేరి కోసం రెండు రాత్రులు ట్రైన్‌లో, అదీ వీణని బెర్త్ మీద పక్కన పెట్టుకుని.

కమిటీ వాళ్ళని తిట్టాలని కాదు, ఎండలో ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసి వీణ కచేరి పెట్టించారు, అది గొప్ప విషయమే. కానీ ఇది వీణ తెలియని ప్రాంతం కాదు కదా. ఈమని శంకరశాస్త్రి గారు పుట్టింది ద్రాక్షారామంలో, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిది కాకినాడ. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 1978లో తొమ్మిదేళ్ళ పిల్లాడిగా మొదటి కచేరి చేసింది గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో. చిన్న ఊరి స్టేజి అని చులకన చేయడానికి లేదు, ఆ రోజు పందిట్లో కూడా పిల్లలున్నారు, వాళ్ళు విన్నది ఎక్కువసేపు స్పీచ్‌లే.

సన్మానాలు వద్దనట్లేదు. అవి పొద్దున కళ్యాణం అయ్యాక పెట్టుకోవచ్చు, లేదా కచేరి పూర్తయ్యాక. కచేరికి కనీసం రెండు గంటలు అని ముందే మాట్లాడుకుని, మధ్యలో ఎవరొచ్చినా ఆపకూడదు. రిటర్న్ టికెట్ రాత్రి లేట్ ట్రైన్‌కో మర్నాటికో చేయించి, పడుకోవడానికి ఒక మంచి రూం ఇస్తే చాలు. లైట్లు కాస్త దూరంగా పెట్టమని మైక్ సెట్ వాళ్ళకి చెప్పడానికి ఖర్చేమీ లేదు.

వినాయకచవితి పందిళ్ళకి కూడా కచేరి పెడదామని మా ఊళ్ళో అప్పుడే మాటలు నడుస్తున్నాయి. పాంప్లెట్ ప్రింటింగ్‌కి వెళ్ళేలోపు ఈ ఉత్తరం మీ పేపర్లో వేస్తే కమిటీ వాళ్ళకి నేనే తీసుకెళ్ళి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు