బరంపురం స్టూడియో నుంచి: ఈ ఏడాది వచ్చిన పనులు, వచ్చే ఏడాది మారే రేట్లు

బరంపురం, ఛత్రపూర్, గోపాలపూర్, ఇచ్ఛాపురం వైపు నుంచి మాకు పని ఇస్తున్న అందరికీ నమస్కారం.

ఈ ఏడాది పెళ్ళిళ్ళు తగ్గలేదు. కానీ ముహూర్తాలు లేని నెలల్లో స్టూడియోని నడిపింది పట్టుచీరలు, కట్టడాల ఫొటోలు, పాత ఫొటోల స్కానింగు, పరీక్షల ఫారాలకి ఫొటోలు. ఈ పనుల్లో కెమెరా చేతిలో ఉండేది కాసేపే. ముందు ఏర్పాటుకీ, తర్వాత కంప్యూటర్ దగ్గరికీ పోయే టైమే ఎక్కువ. అందుకే "రోజుకింత" అనే రేటు తీసేసి, పనిని బట్టి లెక్క కడుతున్నాం. ఎందుకో తెలిస్తే బేరం ఇద్దరికీ సులువు.

ముందు పట్టు సంగతి. చీరల కొట్టువాళ్ళకి కొన్నవాళ్ళ నుంచి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: ఫోన్లో చూసిన రంగు, పార్సిల్ విప్పితే వచ్చిన రంగు ఒకటి కాదని. తేడా ముందు కొట్టులోనే మొదలవుతుంది. పైన ట్యూబ్‌లైటు, షోకేసులో పసుపు బల్బు, గుమ్మంలోంచి ఎండ ఒకేసారి చీర మీద పడతాయి. కెమెరా వీటిలో ఒక్కదానికే రంగు సరిచేయగలదు, మిగతావి మరకల్లా మిగిలిపోతాయి. అందుకే మేం వచ్చినప్పుడు మీ లైట్లన్నీ ఆర్పేసి, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 100కి) 95 దాటిన రెండు ఎల్‌ఈడీలు పెట్టి, మొదటి ఫ్రేములో గ్రే కార్డు, అంటే రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట, తీస్తాం. వ్యాపారం నడుస్తుండగా ఇది కుదరదు. కొట్టు తెరవకముందు రెండు గంటలు ఇవ్వండి.

ఎరుపు, రాణీ రంగు చీరలది ఇంకో గొడవ. మామూలు హిస్టోగ్రామ్ (కెమెరాలో వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) బాగానే కనిపిస్తుంది గానీ అందులో ఎరుపు రంగు ఛానెల్ ఒక్కటీ నిండిపోయి ఉంటుంది. అప్పుడు ఫొడా కుంభం, అంటే గుడి గోపురాల్లా పళ్ళు పళ్ళుగా ఉండే అంచు, ముద్దగా అయిపోతుంది. బరంపురం పట్టుకి గుర్తింపే ఆ అంచు, అది పోతే ఫొటోకి అర్థం లేదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసి, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్ళే వెలుగు) మూడింట రెండు స్టాపు తగ్గించి తీస్తే పళ్ళు విడివిడిగా నిలుస్తాయి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన చీరకి ఒక్క ఫొటో చాలదు. రెండు కోణాల్లో రెండు రంగులు కనిపిస్తాయి, రెండూ పెట్టండి. జరీ మెరుపుకి పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టరు) ఉంది కదా అంటారు. లోహం మీద పడి తిరిగొచ్చే వెలుగుని లెన్సు ముందున్న పోలరైజర్ ఒక్కటే ఆపలేదు. పెద్ద డిఫ్యూజర్ గుడ్డతో లైటుని మెత్తబరచడమే దారి. సన్నటి నేత మీద అలల గీతలు వస్తే ఎడిటింగులో తీయడం నరకం. కెమెరా ఒక అడుగు వెనక్కి జరిపితే అక్కడే పోతాయి.

ఇంత చేసినా, కొనేవాళ్ళ ఫోను డిస్‌ప్లే రంగుల్ని గాఢంగా చూపే వివిడ్ మోడ్‌లో ఉంటే రంగు మళ్ళీ మారుతుంది. అది మా చేతిలో లేదు. అందుకని ప్రతి చీరకీ నీడపట్టున పగటి వెలుగులో తీసిన ఒక ఫొటో కలిపి ఇస్తాం. ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్ళకి: అమెజాన్‌లో మొదటి ఫొటో పూర్తి తెలుపు మీద, చీర ఫ్రేములో 85 శాతం నిండి ఉండాలి, జూమ్ పనిచేయాలంటే పొడవు వైపు కనీసం 1000 పిక్సెళ్ళు. చీరలు ముందురోజే ఆవిరి ఇస్త్రీ చేయించండి. మడత గీతలు ఎడిటింగులో చెరిపితే నేత కూడా చెరుగుతుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది.

ఊళ్ళో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, దానితో పాటు పని ఎంతవరకు అయిందో చూపించడానికి కాంట్రాక్టర్లు బిల్లుకి జతచేసే ఫొటోలూ పెరిగాయి. ఇందులో అందం అక్కర్లేదు, పోలిక కావాలి. మొదటి విజిట్‌లోనే నిలబడే చోటు పెయింటుతో గుర్తుపెట్టి, ట్రైపాడ్ ఎత్తు, లెన్సు ఫోకల్ లెంగ్త్ రాసిపెట్టుకుంటాం. ప్రతి నెలా అక్కణ్ణుంచే, దాదాపు అదే టైముకి తీస్తాం. ఆ గుర్తు మీద ఇసుక కుప్ప పోయకుండా మీ మేస్త్రీకి ఒక మాట చెప్పండి. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గుతుంది, తేదీ, లొకేషన్ వివరాలు ఊడిపోతాయి. "డాక్యుమెంట్"గా పంపితే ఉంటాయి. బిల్లు మీద పేచీ వచ్చాక మాకు ఫోన్ చేసే కాంట్రాక్టర్లలో చాలామందిది ఈ ఒక్క కారణమే.

డ్రోన్ అడిగేవాళ్ళకి: గోలాబంధలో సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది. ఆ చుట్టుపక్కల మేం ఎగరేయం, ఎంత ఇచ్చినా. మిగతా చోట్ల ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కై చూసి, గ్రీన్ జోన్ (ముందు అనుమతి అక్కర్లేని చోటు) అయితేనే, 400 అడుగుల లోపు.

పాత వీధుల్లో ఇళ్ళు కొట్టేస్తుంటే ట్రంకు పెట్టెల్లోంచి ఫొటోలు బయటపడుతున్నాయి. మాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, దీంట్లో డబ్బు తక్కువని కూడా దాచం. మన గంజాం జిల్లా 1936 మార్చి దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి, ఫొటో అతికించిన కొన్ని అట్టల వెనక మద్రాసు వైపు స్టూడియో ముద్ర, ఊరు పేరు ఉండొచ్చు. అట్ట కత్తిరించకండి, వెనక వైపూ స్కాన్ చేస్తాం. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోని మాత్రం పీకొద్దు. మన తేమకి ఫొటో మీది జెలటిన్ ఉబ్బి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే ముఖమే అద్దం మీద ఉండిపోతుంది. ఫ్రేముతో సహా తెండి, రెండు పక్కల 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి అద్దం మీంచే తీస్తాం. బూజు పట్టిందని తడిగుడ్డ పెట్టొద్దు. పోస్టుకార్డు సైజుకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), పాస్‌పోర్టు సైజుకి 1200, నెగెటివ్‌లకి 2400 పైనే పడుతుంది.

ఏఐతో "క్లియర్" చేయమని అడుగుతున్నారు. అది మసక ముఖాన్ని తేటపరచదు, కొత్త ముఖం కల్పిస్తుంది. ఫ్రేము కట్టించుకుంటామంటే విడిగా చేసిస్తాం. అసలు స్కాన్ ఫైలుని ముట్టుకోం. మీ తాతమ్మ ముక్కు మీ తాతమ్మదిగానే ఉండాలి.

పెళ్ళిళ్ళలో కొత్త తలనొప్పి స్టేజీ వెనక ఎల్‌ఈడీ గోడ. షట్టర్ వేగం పెంచితే ఫొటోలో నల్ల చారలు పడతాయి, అందుకని సెకనులో 1/50, 1/100 వంతు దగ్గరే ఆగాలి. తలంబ్రాలు గాల్లో గింజ గింజగా నిలవాలంటే 1/500 కావాలి. రెండూ ఒకేసారి రావు. ప్రకాశం బాగా తగ్గిస్తే కొన్ని గోడల్లో చారలు ఇంకా ఎక్కువవుతాయి కూడా. తలంబ్రాలప్పుడు ఆ పది నిమిషాలు గోడ ఆపించమని మీ డెకరేషన్ వాళ్ళకి ముందే చెప్పండి.

జనం వేషాలు వేసుకుని తిరిగే మన ఊరి బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి కదా, ఈ ఏడాది అయిపోయింది, వచ్చే ఏడాది ఆ రాబడి ఉండదు. రేట్లు మార్చడానికి అదీ ఒక కారణమే. వేషాల ఫొటోలు కావలసినవాళ్ళు వేషం వేసిన రోజు, వీధి చెబితే వెతికి ఇస్తాం.

ఋషికుల్య నది ముఖద్వారంలో తాబేళ్ళు గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో అక్కడ ప్రీ వెడ్డింగ్ తీయం. తాబేలు పిల్లలు సముద్రం వైపు వెళ్ళేది వెలుగు చూసే. మన లైటు వెలిగితే ఊరి వైపు పాకుతాయి.

ఇక లెక్కలు. చీరలకి, స్కానింగుకి నగానికింత. కట్టడాలకి విజిట్‌కింత. పెళ్ళికి ప్యాకేజీయే, సగం అడ్వాన్సు. 12×36 అంగుళాల ఆల్బమ్‌కి ఫొటోల ఎంపిక 45 రోజుల్లో ఇవ్వాలి. దాటితే ఆ రోజు ప్రింటింగు ధర పడుతుంది. అసలు ఫైళ్ళు రెండు డిస్కుల్లో ఏడాది ఉంచుతాం. పెళ్ళికి 3000 ఫొటోలు, ఒక్కో రా ఫైలు (కెమెరా తీసిన అసలు ఫైలు) సుమారు 25 ఎంబీ అనుకున్నా 75 జీబీ అవుతుంది. 128 జీబీ పెన్‌డ్రైవ్ మీరే తెచ్చుకుంటే కాపీకి డబ్బు తీసుకోం.